అద్దంలో కుడిచెయ్యి

“పిన్నీ, కాస్త మెల్లగా ఊపిరి పీల్చు. ఫోను కదులుతోంది” అంది గువ్వ.

ఊపిరికి ఫోను కదలడం ఎక్కడైనా ఉందా! పిన్ని నవ్వాపుకుని, కుర్చీలో కూర్చున్న అమ్మాయి తలని రెండు వేళ్ళతో కొంచెం వంచింది. ఆ సెలూన్ రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మూడు కుర్చీలు వరసగా, వాటి ఎదురుగా గోడ పొడుగునా ఒకటే అద్దం. కుర్చీకీ అద్దానికీ మధ్య సీసాలబల్ల పట్టడమే కష్టం, ఇక ఫోను స్టాండు ఎక్కడ పెడతారు? అందుకని గువ్వ ఫోన్ని వెనకవైపు తువ్వాళ్ళ అరలో బిగించి, పిన్ని భుజం పక్కనుంచి అద్దంలోకి గురిపెట్టి తీస్తుంది. వీడియోలో జనం చూసేదంతా అద్దంలో బొమ్మే.

పిన్ని దువ్వెనని బల్లపరుపుగా పట్టుకుని నడినెత్తి మీద రెండుసార్లు తట్టింది. కత్తెర పట్టే ముందు ఎవరికైనా అలా తడుతుంది. అలా తడితే తల బిగువు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. తరవాత ముందుపాయ ఒకటి తీసి, తడిపి, కుడిచేతి వేళ్ళ మధ్య జారనిచ్చి, ఎడమచేత్తో కత్తెర కొసలు ఆడించింది. చప్పుడు కూడా సరిగ్గా వినపడదు. జుట్టు తెగుతున్నట్టుండదు, తనంతట తనే రాలుతున్నట్టుంటుంది.

పిన్నిది పుర్రచేతి వాటం. మామూలు కత్తెర ఆవిడ చేతిలో జుట్టుని కొయ్యదు, రెండు రేకుల మధ్య మడతపెట్టి నములుతుంది. అందుకే ఆవిడకంటూ ఒక ఎడమచేతి కత్తెర ఉంది. దాని పిడికి ఎర్రదారం చుట్టుకుంది, పొరపాటున ఎవరూ తీసుకోకుండా. పట్టుకుంటే ఆ దారం వేళ్ళ కింద దాగిపోతుంది. అద్దంలో మాత్రం ఆ కత్తెర అచ్చం కుడిచేతి కత్తెరే, ఆ చెయ్యి అచ్చం కుడిచెయ్యే.

“అయిపోయింది. పిన్నీ, నువ్వు జరుగు” అంది గువ్వ.

పిన్ని పక్కకి జరిగింది. గువ్వ నల్ల ఏప్రాన్ సర్దుకుని వచ్చి, అమ్మాయి జుట్టులోకి రెండు చేతులూ దూర్చి, పైకెత్తి వదిలి, అద్దంలోంచి ఫోను వైపు చూసి నవ్వింది. వీడియోలో మొహమంటూ కనిపించేది ఈ చివరి రెండు క్షణాలే. అంతకుముందంతా నల్ల ఏప్రాన్ ముక్క, రెండు చేతులు, జుట్టు. ఏప్రాన్లు ఇద్దరివీ ఒకటే రకం.

గువ్వ అంటే పిన్ని అక్క కూతురు. సెలూన్ అక్కది. అక్క బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతుంది, వచ్చినవాళ్ళని పలకరిస్తుంది. చిన్నప్పుడు ఈ పిల్ల కుర్చీ చేతిమీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేదని పిన్నే పెట్టింది ఆ పేరు. పని నేర్పిందీ పిన్నే. కుడిచేతివాటం పిల్లకి పుర్రచేతి మనిషి నేర్పడమంటే మాటలా? పక్కన నిలబడి చూపిస్తే అన్నీ తారుమారే. అందుకని పిన్ని ఎదురుగా నిలబడేది. “నన్ను అద్దమనుకోవే. నేనెలా తిప్పితే నువ్వలా తిప్పు” అనేది. గువ్వ అలాగే తిప్పింది. నడినెత్తి మీద రెండు దెబ్బలతో సహా పట్టేసింది.

మంగళవారం సాయంత్రం పెట్టిన వీడియోని బుధవారం పొద్దున్నకి రెండు లక్షలమంది చూశారు.

“పిన్నీ, విను విను!” గువ్వ తువ్వాళ్ళ బుట్ట మీద కూర్చుని కామెంట్లు చదివింది. “‘ఈ చేతులు నా తల మీద ఒక్కసారి పడితే చాలు’ట. ‘ఇది కత్తెరా, నెమలీకా?’ అట. ‘మా అమ్మ తల దువ్వినట్టుంది, చూస్తూ ఏడ్చేశాను’ అని రాసిందొకావిడ.”

పిన్ని చేతిలో సీసాలు తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది. తల కడిగే గదిలోకి వెళ్ళి, ఎవరూ లేరని చూసుకుని, చేతులు రెండూ ముందుకి చాపి చూసుకుంది. రంగులు కలిపి కలిపి గోళ్ళ చుట్టూ చర్మం ముదురుగోధుమ రంగుకి తిరిగింది. కత్తెర పిడి ఒరుసుకుని బొటనవేలి కణుపు కాయగాచింది. బళ్ళో “ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి” అని బెత్తంతో కొట్టించుకున్న చెయ్యి ఇదే. ఇన్నేళ్ళకి దానికెవరో దణ్ణం పెడుతున్నారంటే కడుపు నిండినట్టయింది.

బయటికొచ్చి, మామూలుగా అడిగినట్టే అడిగింది. “ఆ చేతులెవరివని అడగలేదా ఎవరూ?”

“ఎందుకడగరు? అందరూ అదే అడుగుతున్నారు.”

“మరి చెప్పకపోయావా?”

“కొంచెం సస్పెన్స్ ఉండనీ పిన్నీ. అప్పుడే మళ్ళీ మళ్ళీ చూస్తారు” అంది గువ్వ, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నిజమే కాబోలు. ఈ ఫోన్ల సంగతి పిల్లలకే తెలుసు. రేపో ఎల్లుండో చెబుతుంది. ‘ఇవి మా పిన్ని చేతులు’ అని చిన్న ముక్క రాస్తే చాలు. ఆ ముక్క ఎలా ఉంటుందో మనసులో ఒకటికి రెండుసార్లు అనుకుని చూసుకుంది పిన్ని.

బుధవారం మధ్యాహ్నానికే ముఖం తెలియనివాళ్ళు రావడం మొదలుపెట్టారు. మొదట వచ్చింది ఒక పొడుగుజుట్టు ఆవిడ. రెండు బస్సులు మారి వచ్చిందట. గుమ్మంలోనే ఫోను చూపించి, గువ్వ మొహంతో పోల్చుకుని, “మీరే కదా! ఆ చేతులు మీవే కదా!” అంది, పోయిన వస్తువేదో దొరికినంత సంబరంగా.

గువ్వ పిన్ని వైపు తిరగలేదు. అద్దంలోంచి చూసింది. అద్దంలో పిన్ని కూడా తననే చూస్తోంది. ఒక్క క్షణం ఇద్దరి చూపులూ అక్కడే నిలబడ్డాయి.

“కూర్చోండి మేడం” అంది గువ్వ.

అవునన్లేదు, కాదన్లేదు. పిన్ని మాత్రం ఆ రోజంతా ఆ చూపునే పట్టుకుని తిరిగింది. రెండో ఆవిడ వచ్చినప్పుడు గువ్వ “అవునండీ” అంది. మూడో ఆవిడకి “థాంక్యూ అండీ” అంది. నాలుగో ఆవిడ వచ్చేసరికి అద్దంలోకి చూడడం కూడా మానేసింది.

గురువారం పొద్దున్న వాళ్ళంతా గువ్వ కుర్చీ కోసం బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తుంటే, పక్కన పిన్ని కుర్చీ ఖాళీగా ఉంది. “ఇటు రండమ్మా, నేను చేస్తాను” అంటే, “పర్లేదు ఆంటీ, ఆవిడ కోసమే వచ్చాం” అన్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ పెరటి చెట్టు ఆకే పొరుగింటి వైద్యం పేరుతో అమ్ముడుపోతోంది. పిన్ని వాళ్ళ తలలు కడిగి, తువ్వాలు చుట్టి, గువ్వ కుర్చీ దాకా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు గువ్వ బయటికెళ్ళింది కదాని అక్కతో అంది.

“అక్కా, అది వీడియోలో చేతులు తనవే అంటోంది.”

అక్క డబ్బా మూత తీసింది. “తనవని తనంతట తను చెప్పలేదుగా. వాళ్ళనుకున్నారు, ఇది ఊరుకుంది.”

“ఊరుకుంది.”

“చిన్నపిల్లే. దాని ముందు బోలెడంత బతుకుంది. నీకిప్పుడు ఆ పేరొచ్చి ఏం చేసుకుంటావు చెప్పు?” అని, మాట మరీ కఠినంగా వచ్చిందనిపించిందేమో, తన డబ్బాలోంచి కూర తీసి చెల్లెలి డబ్బాలో వేసింది.

ఏం చేసుకుంటుంది? కోర్టుకెక్కి గెలుచుకోవాల్సిన ఆస్తా అది! పిల్ల నోటివెంట ఒక్కసారి వినాలని, అంతే. మింగలేక కక్కలేక రెండు ముద్దలు తిని లేచింది.

ఆ సాయంత్రమే పెద్ద సెలూన్ వాళ్ళు ఫోన్ చేశారు. నాలుగు బ్రాంచీలున్న సెలూన్, గుమ్మానికి మనిషెత్తు గాజుతలుపులున్నది. వీడియో చూశారట. కొత్తగా చేరేవాళ్ళకి పని నేర్పడానికి ఇలాంటి చేతులే కావాలట. మేనేజర్ మేడం రేపు స్వయంగా వచ్చి గువ్వ పని చూస్తానంది. ఫోను పెట్టేశాక గువ్వ తల్లిని గట్టిగా వాటేసుకుని గిరగిరా తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ పిన్నిని చూసి ఆగింది.

షట్టరు దించే వేళకి తువ్వాళ్ళ అర దగ్గరికొచ్చి, మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెడుతూ నిలబడింది.

“పిన్నీ… రేపు వాళ్ళొచ్చినప్పుడు… నువ్వు కాస్త…”

పిన్ని ఆ పిల్ల మొహం చూసింది. పదేళ్ళప్పుడు సీసా పగలగొట్టి చెప్పలేక నిలబడ్డప్పుడూ ఇదే మొహం. మిగతా మాట ఆ నోటితో అనిపించడం ఇష్టం లేకపోయింది.

“లోపల తువ్వాళ్ళు కొండలా పేరుకున్నాయే. రేపు నేనవి చూసుకుంటా” అంది.

గువ్వ గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి పిన్నికి వినపడింది.

శుక్రవారం పదిన్నరకి మేనేజర్ మేడం వచ్చింది. వెంట నోటుపుస్తకం పట్టుకున్న ఒకమ్మాయి. పక్క కుట్టుకొట్టు అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టుకుని గువ్వ సిద్ధంగా ఉంది. బెంచీ మీద లెక్కల టీచరమ్మ ఉంది. రిటైరై చాలా కాలమైనా, మూడు శుక్రవారాలకోసారి ఠంచనుగా వచ్చి పిన్ని చేత జుట్టు సరిచేయించుకుంటుంది. పిన్ని చేత తప్ప ఇంకెవరి చేతా చేయించుకోదు.

పిన్ని లోపల తల కడిగే గదిలో తువ్వాళ్ళ మధ్య కూర్చుంది. తెర సందులోంచి గువ్వ వీపు, అద్దంలో గువ్వ మొహం, రెండూ కనిపిస్తున్నాయి. గువ్వ దువ్వెనతో నడినెత్తి మీద రెండుసార్లు తట్టింది. పాయ తీసింది, తడిపింది, వేళ్ళ మధ్య జారనిచ్చింది. మోచెయ్యి కొంచెం దించితే బాగుండు అనుకుంది పిన్ని. అదే క్షణంలో గువ్వ మోచెయ్యి దించింది. ఇన్నాళ్ళ కోపమంతా మర్చిపోయి పిన్ని లోలోపలే భేష్ అనుకుంది. పని బాగానే చేస్తోంది పిల్ల. తొందర ఒక్కటే దానికున్న జబ్బు.

మేడం దగ్గరికి వచ్చి నిలబడింది. గువ్వ కంగారుగా చిన్న కత్తెర బల్లమీద పెట్టి, పెద్దదాని కోసం చెయ్యి చాపి, చూడకుండానే ఒకటి అందుకుంది. పిడికి ఎర్రదారం. పిన్ని చేతిలో తువ్వాలు జారిపోయింది.

కత్తెర ఆడింది. జుట్టు తెగలేదు. రేకుల మధ్య మడతపడి ఇరుక్కుంది. గువ్వ లాగింది. కుట్టుకొట్టు అమ్మాయి “అబ్బా” అంది. గువ్వకి ఏం జరిగిందో కూడా అర్థం కాలేదు, మళ్ళీ నొక్కింది, మళ్ళీ నమిలింది. మెడ మీదుగా ఎరుపు పైకి పాకుతోంది.

పిన్ని లేచి వెళ్ళింది. మాట్లాడకుండా గువ్వ వేళ్ళలోంచి కత్తెర విడిపించి, మడతపడ్డ పాయని మెల్లగా తప్పించి, గువ్వ కత్తెర గువ్వ చేతిలో పెట్టింది. అంతా కలిపి రెండు రెప్పపాట్ల పని.

“అదేంటి, ఆ కత్తెర ఎవరిది?” అంది మేడం.

“నాదండీ. పొరపాటున ఇక్కడ పెట్టాను” అంది పిన్ని, వెనక్కి తిరగబోతూ.

“ఆగు” అంది టీచరమ్మ బెంచీ మీంచి. “ఏమ్మా మేడం, మీరు ఆ వీడియో చూసే కదా వచ్చారు? మా మనవరాలు నాకూ చూపించింది. ఆ చేతులు ఈ పిల్లవి కావు. ఇదుగో, ఈవిడవి. ఇరవై ఏళ్ళుగా తల అప్పగించినదాన్ని, నాకు తెలీదా! సొమ్మొకరిది, సోకొకరిదీనా?”

 నోటుపుస్తకం అమ్మాయి పెన్ను ఆపింది. అక్క బల్ల దగ్గర సగం లేచి అలాగే ఉండిపోయింది. మేడం గువ్వ వైపు చూసింది. గువ్వ అద్దంలో పిన్ని వైపు చూసింది. బుధవారం చూసిన చూపే. కానీ ఈసారి చేతిలో కత్తెర సన్నగా వణుకుతోంది, కొసలు ఒకదానికొకటి తగిలి టికటికమంటున్నాయి.

ఇప్పుడంటుంది, అనుకుంది పిన్ని. అవును, మా పిన్నివే, నాకు నేర్పింది ఆవిడే అంటుంది. అంటే మేడం మాత్రం కాదంటుందా? శిష్యురాలు కూడా పనిమంతురాలేగా. ఒక్క మాట. పిన్ని ఆ మాట కోసం ఆగింది. వెనక కుళాయి బొట్టు బొట్టుగా కారడం వినిపించేంతసేపు ఆగింది.

గువ్వ బల్లమీద దీపం మెడ తిప్పి సరిచేసింది. దానికా అవసరం లేదు, అది సరిగ్గానే ఉంది.

పిన్ని నవ్వింది. “టీచరమ్మకి నా మీద అభిమానమండీ, ఎక్కడ మంచిపని కనిపించినా నాదే అంటారు. ఏదీ, ఆ వీడియో ఒకసారి పెట్టండి.”

నోటుపుస్తకం అమ్మాయి ఫోన్లో పెట్టింది. పిన్ని ఎర్రదారం కత్తెర ఎడమచేత్తో పైకెత్తి చూపించింది.

“చూడండి. నాది పుర్రచెయ్యి. పుట్టి బుద్ధెరిగాక కుడిచేత్తో ఒక్క వెంట్రుక కత్తిరించలేదు. అందులో చెయ్యి ఏది? కుడిచెయ్యి. ఇక నావెలా అవుతాయి?”

మేడం ఫోన్లోకి చూసింది, పిన్ని చేతిలోకి చూసింది, నవ్వేసింది. “అవును కదా! నేనూ ఒక్క క్షణం కంగారుపడ్డా” అంది. నోటుపుస్తకం అమ్మాయి కూడా నవ్వింది. అక్క కూర్చుంది. అద్దంలోంచి తీశారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టాల్సినవాళ్ళు చెప్పలేదు.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. మేడం వెళ్ళిపోయాక వచ్చి పిన్ని కుర్చీలో కూర్చుంది. పిన్ని మెడచుట్టూ గుడ్డ కప్పి, దువ్వెనతో నడినెత్తి మీద రెండుసార్లు తట్టింది.

“ఎందుకలా అన్నావు?” అంది టీచరమ్మ, అద్దంలోంచి.

“పిల్ల చెయ్యి వణికింది టీచరమ్మా.”

“నీ చెయ్యో?”

పిన్ని పాయ తీసి తడిపింది. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. జుట్టు ఎప్పటిలాగే చప్పుడు లేకుండా రాలింది.

సాయంత్రం గువ్వ తల కడిగే గదిలోకి వచ్చింది. ఉద్యోగం ఖాయమైంది. సోమవారం నుంచే రమ్మన్నారు. పిన్నిని వెనకనుంచి చేతులతో చుట్టేసి, వీపు మీద నుదురు ఆనించి కాసేపు నిలబడింది. పిన్ని కుళాయి కట్టేసింది, ఆ పిల్ల ఏం చెప్పినా సరిగ్గా వినపడాలని.

“థాంక్స్ పిన్నీ” అంది గువ్వ.

పిన్నికి ఏడుపొచ్చింది. థాంక్స్ అనే మాట బస్సులో సీటిచ్చినవాళ్ళకి చెప్పేది. ఇంకేమైనా అంటుందేమోనని చూసింది. గువ్వ నుదురు ఇంకొంచెం గట్టిగా ఆనించి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ ఎర్రదారం కత్తెరని గుడ్డతో తుడిచి, పిన్ని పెట్టేచోటే, పిన్ని పెట్టేవైపే తిప్పి పెట్టి వెళ్ళింది.

సోమవారం గువ్వ కుర్చీలో ఎవరూ లేరు. అక్క పొద్దున్నుంచీ ఫోన్లో “లేదండీ, మానేసింది. అవునండీ” అంటోంది. పన్నెండు దాటాక ఒకమ్మాయి వచ్చింది. కాలేజీ పిల్లలా ఉంది. భుజం దాటిన జుట్టు, కొసలు బాగా చిట్లిపోయాయి. వేరే షాపులో ఎవరో పాడుచేశారట, రెండుసార్లు ఏడ్చిందట. పిన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడచుట్టూ గుడ్డ కప్పి, జుట్టు తడిపింది.

“ఎలా కావాలమ్మా?”

అమ్మాయి గుడ్డ కిందనుంచి ఫోను తీసి చూపించింది. “ఇదిగో ఆంటీ, అచ్చం ఇలా.”

పిన్ని వంగి చూసింది. అదే వీడియో. తొమ్మిది లక్షలమంది చూశారని రాసుంది. తన బొటనవేలి కాయ, తన గోళ్ళ చుట్టూ మరక, తన దువ్వెన రెండు దెబ్బలు. కింద ఏదో రాసుందని కళ్ళు చికిలించింది. ‘నా చేతులు, మీ జుట్టు’ అని ఉంది.

“చేద్దాం. జుట్టు మంచిదే నీది, కొసల దగ్గరే పాడైంది. అంతా పోనక్కర్లేదు” అని పిన్ని దువ్వెనతో నడినెత్తి మీద రెండుసార్లు తట్టింది.

ఆ దెబ్బలకి అమ్మాయి ఒక్కసారి తల ఎత్తి అద్దంలోకి చూసింది. ఏదో గుర్తొచ్చినట్టు మొహం పెట్టింది. పిన్ని ఎర్రదారం కత్తెర అందుకుంది. అమ్మాయి చూపు మెల్లగా కిందికి దిగి ఆ చేతి మీద ఆగింది.

“ఆంటీ, మీరు ఎడమచేత్తో కత్తిరిస్తారా?”

“అవునమ్మా.”

“అయితే ఈవిడ…” ఫోను వైపు చూసింది. “ఈవిడ లేరా?”

కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, గుడ్డ అంచు పట్టుకుంది. చెడ్డపిల్ల కాదు, మొహమాటపడుతోంది. “ఏమీ అనుకోకండి ఆంటీ. ఇప్పటికే ఒకసారి పాడైపోయింది కదా, భయం. నాకు ఈ చేతులే కావాలి.”

పిన్ని కత్తెర కిందపెట్టింది. అక్క బల్ల దగ్గర్నుంచి చూస్తోంది. నోరు తెరిచింది కూడా. పిన్ని కళ్ళతోనే వద్దంది. అమ్మాయి మెడ వెనక ముడి విప్పి, గుడ్డ తీసి, మెడ మీద తడి తువ్వాలుతో ఒత్తింది.

“వేరే చోట చేస్తోందమ్మా ఇప్పుడు. అడ్రస్ రాసిస్తాను, ఉండు.”

షాపు కార్డు వెనక్కి తిప్పి, బల్లమీద వంగి రాసింది. ఎడమచెయ్యి రాసుకుంటూ పోయే కొద్దీ వెనకే అరచెయ్యి సిరా మీద పాకుతుంది. ఆవిడ అక్షరాలు చిన్నప్పటి నుంచీ అలుక్కుపోతూనే ఉంటాయి. అందుకని ఈసారి అరచెయ్యి పైకెత్తిపట్టి, ఒక్కో అక్షరం ఆరేదాకా ఆగి రాసింది. వీధి, మలుపు, గాజుతలుపులు, రెండో అంతస్తు.

“వెళ్ళి, పాత షాపులో పిన్ని పంపించిందని చెప్పు. జాగ్రత్తగా చేస్తుంది” అంది.

“థాంక్స్ ఆంటీ. చాలా మంచివారు మీరు” అని అమ్మాయి కార్డు పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పిన్ని గుడ్డ దులిపి కొక్కానికి తగిలించింది. కుర్చీ మీద నీటిచుక్కలు తుడిచింది. అలవాటుగా మూల నుంచి చీపురు తెచ్చింది. కుర్చీ కింద నేల శుభ్రంగా ఉంది, ఒక్క వెంట్రుక కూడా లేదు. ఆవిడ వంగి, కుర్చీ చుట్టూ ఊడుస్తూనే ఉంది.